తిరుపతిలో అమెరికా లా బేసిక్స్ ఆదివారం క్లాసు: 8 వారాలు పోయొచ్చినాక నా రివ్యూ

ముందే చెప్పేస్తా, 5కి 4 స్టార్లు ఇస్తున్నా. ఒక స్టారు ఎందుకు తగ్గించినానో కింద రాసినా, ఓపిగ్గా చదవండి, ఎందుకంటే ఫీజు 4,500, మన ఊళ్ళో జూనియర్ అడ్వకేట్‌కి అదేం చిన్న మొత్తం కాదు.

నేను తిరుపతి కోర్టులో ప్రాక్టీసు చేస్తున్నా, నాలుగేళ్ళు దాటింది. మా సీనియర్ సార్ ఆఫీసుకి వచ్చేవాళ్ళలో ఈమధ్య అమెరికా మాట ఎత్తనివాళ్ళు తక్కువైపోయినారు. కొడుకు న్యూజెర్సీలో ఇల్లు ఖాళీ చేస్తే ఓనరు అడ్వాన్సు తిరిగి ఇవ్వలేదు కేసు వేయొచ్చా అంటారు, మనవడికి ఏదో రూలు మారి ఉద్యోగం పోతాదంట నిజమేనా అంటారు. పోయినేడు ఒకామె వచ్చింది, కూతురు టెక్సస్‌లో ఉండాది, అల్లుడు అక్కడే విడాకులు వేసినాడు, కాగితాలు ఆ అమ్మాయి చేతికి ఇచ్చిపోయినారంట. పెళ్లి ఇక్కడ తిరుపతిలో అయింది కాబట్టి అక్కడి కోర్టు ఏం చేయలేదులే అని ఎవరో చెప్తే ఆ అమ్మాయి కాగితాలు పక్కన పెట్టేసింది. మా దగ్గరికి వచ్చేసరికి విడాకుల డిక్రీ (కోర్టు తుది ఉత్తర్వు) కూడా వచ్చేసింది. "అమెరికా చట్టం ఏం చెప్తాదమ్మా" అని ఆమె నన్ను అడిగింది. నా దగ్గర సమాధానం లేదు. ఆ రోజు ఇంటికి పోయినాక అన్నం సహించలేదు నాకు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి కోర్టు బార్ అసోసియేషన్‌లో ఒక ఫ్రెండ్ ఈ క్లాసు గురించి చెప్పింది. బాలాజీ కాలనీ వైపు ఒక ఇంటి మేడమీద హాలు, ఆదివారం పొద్దున 10 నుంచి 1 దాకా, 8 వారాలు. చెప్పే సార్ ఎల్‌ఎల్‌ఎం (లాలో పీజీ) అమెరికాలో చేసుకొని కొన్నాళ్ళు పనిచేసి వచ్చినారు. మా బ్యాచ్‌లో లా చదివే పిలకాయలు ఎక్కువ, ఇంట్లో కూర్చొని అమెరికా కంపెనీలకి కాంట్రాక్టులు చూసిపెట్టే వాళ్ళు ఇద్దరు, రిటైర్ అయిన ఒక అంకుల్, నేను.

మొదటి రోజు బోర్డు మీద ఏమీ రాయలేదు సార్. అందరికీ ఒక చీటీ ఇచ్చినారు, అందులో ఒకే ప్రశ్న: అమెరికాలో విడాకులు రావాలంటే ఎన్ని రోజులు పడతాది? అందరం ఫోన్లు తీసి వెతికినాం. ఒకరు 60 రోజులు అన్నారు, ఒకరు ఆరు నెలలు అన్నారు, ఇంకొకరు అక్కడికి పోయి ఆరు వారాలు ఉంటే చాలు అన్నారు. సార్ అన్నీ రైటే అన్నారు. కేసు వేసినాక 60 రోజులు ఆగాలనేది టెక్సస్, ఆరు నెలలు కాలిఫోర్నియా, ఆరు వారాల నివాసం నెవాడా. అమెరికా విడాకులు అని ఒక వస్తువే లేదు, టెక్సస్ విడాకులు ఉంటాయి, నెవాడా విడాకులు ఉంటాయి, కాబట్టి ఎవరు ఏం అడిగినా మీరు మొదట తిరిగి అడగాల్సింది "ఎవరి చట్టం?" అని. ఆ ఒక్క మాట చుట్టూనే 8 వారాలూ నడిచింది క్లాసు. నాకు ఈ క్లాసు నచ్చింది కూడా అందుకే.

మనకి ఇది ఎందుకు తికమకగా ఉంటాదంటే మన దగ్గర కోర్టులు ఒకటే వరస. తిరుపతి సబ్ కోర్టులో కూర్చున్న జడ్జి గారే పార్లమెంటు చేసిన చట్టమూ చూస్తారు, మన అసెంబ్లీ చేసిన చట్టమూ చూస్తారు, పైకి పోతే అమరావతిలో హైకోర్టు, ఆ పైన ఢిల్లీ, అంతే. అక్కడ అట్ల కాదు. ఫెడరల్ కోర్టులు, అంటే వాళ్ళ కేంద్రం కోర్టులు, ఒక వరస, ఒక్కో రాష్ట్రానికి సొంత కోర్టులు ఇంకో వరస. 50 రాష్ట్రాలకి 50 సొంత రాజ్యాంగాలు, సొంత శిక్షాస్మృతులు. మనకి ఐపీసీ పోయి 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చిందంటే కన్యాకుమారి నుంచి కాశ్మీరు దాకా అదే. అక్కడ దొంగతనానికి, హత్యకి శిక్ష ఏందనేది మామూలుగా ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం రాసుకుంటాది.

అమెరికా రాజ్యాంగం గురించి రెండో వారం. 1787లో ఫిలడెల్ఫియాలో రాసినారు, 1789లో అమల్లోకి వచ్చింది, 7 ఆర్టికల్స్, ఇప్పటికి 27 సవరణలు. మన రాజ్యాంగానికి వంద దాటిపోయినాయి సవరణలు, వాళ్ళకి ఇన్నేళ్ళకీ 27 ఏంది అంటే, అక్కడ సవరణ దాటాలంటే కాంగ్రెస్ (వాళ్ళ పార్లమెంటు) రెండు సభల్లో మూడింట రెండొంతులు ఒప్పుకోవాల, ఆ తర్వాత రాష్ట్రాల్లో నాలుగింట మూడొంతులు, అంటే 38 రాష్ట్రాలు ఒప్పుకోవాల. 27వ సవరణ అయితే 1789లో ప్రతిపాదించింది 1992లో పూర్తయింది! మొదటి పది సవరణలు 1791లోవి, బిల్ ఆఫ్ రైట్స్ అంటారే అవి.

మన ఏడో షెడ్యూల్ గుర్తుందా, కేంద్ర జాబితా, రాష్ట్ర జాబితా, ఉమ్మడి జాబితా. ఏ జాబితాలోనూ లేనిది కేంద్రానికి పోతాది, 248వ అధికరణం. అక్కడ సరిగ్గా తిరగేసి ఉండాది, రాజ్యాంగం ఫెడరల్ ప్రభుత్వానికి ఇవ్వనిది, రాష్ట్రాలకి వద్దని చెప్పనిది రాష్ట్రాలకో ప్రజలకో మిగులుతాది, అది 10వ సవరణ. అందుకే పెళ్ళి, విడాకులు, ఇంటి అద్దె, ఆస్తి పంపకం, యాక్సిడెంటు నష్టపరిహారం, డ్రైవింగ్ లైసెన్సు ఇవన్నీ ఎక్కువగా రాష్ట్రాల చేతుల్లో. వీసాలు, దివాలా, పేటెంట్లు ఫెడరల్. రెండూ ఢీకొంటే ఫెడరల్‌ది పైచేయి, అది ఆరో ఆర్టికల్‌లో రాసుండారు.

ఇక్కడ సార్ చెప్పిన ఉదాహరణ పిల్లల్ని అమెరికా పంపిన ప్రతి తల్లీతండ్రీ వినాల్సింది. కొలరాడోలో 2012లో ఓటింగ్ పెట్టి గంజాయిని పెద్దవాళ్ళకి చట్టబద్ధం చేసినారు, షాపులో బిల్లు ఇచ్చి అమ్ముతారు. కానీ 1970 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం అది నిషేధమే. స్టూడెంట్ వీసా మీద పోయిన పిల్లోడికి వీసా ఇచ్చేది ఫెడరల్ ప్రభుత్వం, కాబట్టి రాష్ట్రం ఏమీ అనకపోయినా వీసాకి ఎసరు రావొచ్చు. అక్కడ అందరూ కొంటున్నారు కదా అనుకుంటే కుదరదు. రిటైర్డ్ అంకుల్ ఆ రోజు బ్రేక్‌లోనే మనవడికి ఫోన్ కలిపి మొత్తం చెప్పినాడు, మేమంతా టీ తాగుతా విన్నాం.

మూడో వారం చెప్పిన కేసు కోసమే ఈ క్లాసుకి పోవొచ్చు అంటాను నేను. అది మన తిరుపతి కేసు. 1991లో మన సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, (1991) 3 ఎస్‌సిసి 451 (ఎస్‌సిసి అంటే సుప్రీంకోర్టు తీర్పులు అచ్చేసే సంపుటాలు). లాయర్లకి తెలిసిందే, కానీ నేను లా కాలేజీలో చదివినప్పుడు దాంట్లో సగమే చూసినా. 1975లో తిరుపతిలో పెళ్ళి. 1978లో విడిపోయినారు. భర్త మొదట తిరుపతి సబ్ కోర్టులోనే విడాకులకి వేసినాడు, అందులో తాను లూసియానా రాష్ట్రంలో న్యూ ఆర్లీన్స్ నివాసి అని రాసినాడు. ఆ తర్వాత మిస్సోరి రాష్ట్రంలో 90 రోజులు నివాసం ఉన్నా అని చెప్పి అక్కడి కోర్టులో డిక్రీ తెచ్చుకొని ఇక్కడికి వచ్చి రెండో పెళ్ళి చేసుకున్నాడు. భార్య ద్విభార్యత్వం కేసు పెట్టింది. మన సుప్రీంకోర్టు ఆ మిస్సోరి డిక్రీని ఒప్పుకోలేదు. పెళ్ళి హిందూ వివాహ చట్టం కింద జరిగింది, మిస్సోరి కోర్టు ఇచ్చిన కారణమేమో పెళ్ళి ఇంక బాగుపడనంతగా చెడిపోయిందని, ఆ కారణం మన చట్టంలో లేదు, పైగా భార్య ఆ కోర్టు అధికారానికి ఒప్పుకొని పోలేదు.

ఇదంతా నాకు తెలుసు. తెలియంది ఏందంటే మిస్సోరి, లూసియానా అనేవి ఒకే దేశంలో రెండు ఊర్లు కాదు, చట్టం వరకు చూస్తే దాదాపు రెండు దేశాల మాదిరి అని. లూసియానా ఫ్రెంచి, స్పానిష్ పాలనలో ఉన్నింది కాబట్టి అక్కడ ప్రైవేటు చట్టం సివిల్ కోడ్ దారిలో (సూత్రాలన్నీ ఒక కోడ్‌లో రాసిపెట్టే పద్ధతి) నడుస్తాది, మిగతా రాష్ట్రాలు ఇంగ్లీషు కామన్ లా దారి (కోర్టు తీర్పుల మీద నడిచే పద్ధతి). మేమందరం సివిల్ లా అంటే క్రిమినల్ కానిది అనే అనుకుంటాం కదా, ఈ రెండో అర్థం కూడా ఉందని, లూసియానా పేరు వచ్చినప్పుడు జాగ్రత్తగా చూడాలని సార్ చాలాసేపు చెప్పినారు. మన ఊరి కేసు పట్టుకొని అమెరికా పాఠం చెప్పడం, ఆ రోజు క్లాసు 2 గంటలకి అయింది, ఒక్కరు కూడా లేవలేదు.

నాలుగో వారం చట్టం వేరు, రెగ్యులేషన్ వేరు అనే పాఠం. మనకి యాక్టు, దాని కింద రూల్సు, జీవోలు ఉన్నట్టే. కాంగ్రెస్ చేసిన చట్టాలు యు.ఎస్. కోడ్‌లో సబ్జెక్టు వారీగా ఉంటాయి, ఆ చట్టాలిచ్చిన అధికారంతో డిపార్టుమెంట్లు చేసిన రూల్సు కోడ్ ఆఫ్ ఫెడరల్ రెగ్యులేషన్స్‌లో ఉంటాయి. మన ఇళ్ళల్లో రోజూ వినే ఓపీటీ ఉంది చూడండి, చదువు అయినాక 12 నెలలు పని చేసుకోనిచ్చేది, అది ఉండేది రెగ్యులేషన్‌లో. హెచ్1బీ ఉద్యోగ వీసా వాళ్ళ భార్యలకి (హెచ్4 వీసా) వర్క్ పర్మిట్ కూడా 2015లో రెగ్యులేషన్ ద్వారా వచ్చిందే. అందుకే ప్రభుత్వం మారినప్పుడల్లా పోతాది పోతాది అని భయం. హెచ్1బీ కోటా 65,000, దాని పైన అక్కడ మాస్టర్స్ చేసినవాళ్ళకి 20,000, ఇది చట్టంలోనే ఉండాది కాబట్టి అంకె మార్చాలంటే కాంగ్రెస్ కూర్చోవాల. ఈ ఒక్క తేడా తెలిస్తే వాట్సాప్‌లో వచ్చే సగం భయాలకి జవాబు దొరికినట్టే.

స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) చదివినవాళ్ళ ఓపీటీ కథ కూడా చెప్పినారు. 2008లో 17 నెలలు అదనంగా ఇచ్చినారు, కానీ రూలు చేసేముందు జనం అభిప్రాయాలు అడగలేదు. 1946 నాటి అడ్మినిస్ట్రేటివ్ ప్రొసీజర్ చట్టం ప్రకారం మామూలుగా ముందు ముసాయిదా ఫెడరల్ రిజిస్టర్‌లో (మన గెజిట్ లాంటిది) వేయాల, అభిప్రాయాలు తీసుకోవాల, అప్పుడే ఖాయం చేయాల. 2015లో వాషింగ్టన్‌లోని ఫెడరల్ కోర్టు ఆ కారణం మీదనే రూలు కొట్టేసింది, కాకపోతే సరిదిద్దుకోవడానికి టైం ఇచ్చింది. ఈసారి పద్ధతిగా అభిప్రాయాలు తీసుకొని 2016లో 24 నెలలతో కొత్త రూలు తెచ్చినారు. చట్టం, రెగ్యులేషన్, కోర్టు తీర్పు మూడూ ఒకే కథలో, అదీ మన పిల్లల కథలో కనపడినాయి. అధ్యక్షుడి ఉత్తర్వులు కూడా అంతే, రాజ్యాంగమో చట్టమో అధికారం ఇస్తేనే నిలుస్తాయి, 1952లో కొరియా యుద్ధం టైంలో అధ్యక్షుడు ట్రూమన్ స్టీలు మిల్లుల్ని ప్రభుత్వం చేతిలోకి తీసుకుంటే సుప్రీంకోర్టు చెల్లదనింది.

ఇప్పుడు తగ్గించిన స్టారు సంగతి. అదే వారం ఇచ్చిన నోట్సులో చట్టం అస్పష్టంగా ఉంటే డిపార్టుమెంటు చెప్పే అర్థానికి కోర్టు తలవంచాలని 1984 షెవ్రాన్ తీర్పును ఇప్పటికీ నడుస్తున్న చట్టం మాదిరి రాసుండారు. అది 2024 జూన్‌లో పోయింది, చేపల పడవలవాళ్ళు వేసిన లోపర్ బ్రైట్ కేసులో సుప్రీంకోర్టు షెవ్రాన్‌ని కొట్టేసి అర్థం చెప్పేది కోర్టులే అనింది. డబ్బు కట్టి చేరిన క్లాసులో, అదీ లాలో, రద్దయిన తీర్పు నేర్పించడం పెద్ద తప్పు. నేను చెయ్యెత్తి చెప్పినా. సార్ గమ్మున ఉండిపోలేదు, తప్పు ఒప్పుకొని పై వారానికి ఆ పేజీ మార్చి అందరికీ మళ్ళీ ఇచ్చినారు, ఆ మర్యాదకి నమస్కారం. కానీ నోట్సు అమ్మేముందే చూసుకోవాల కదా.

ఐదు, ఆరు వారాలు తీర్పులే. 1803లో మార్బరీ కేసు, చీఫ్ జస్టిస్ జాన్ మార్షల్, రాజ్యాంగానికి విరుద్ధమైన చట్టం చెల్లదని చెప్పే అధికారం కోర్టుదే అని అక్కడ తేల్చినారు. మనకి 13వ అధికరణంలోనే రాసిపెట్టుండారు, అక్కడ కోర్టు తీర్పుతో స్థిరపడింది. 1954 బ్రౌన్ కేసు, స్కూళ్ళల్లో రంగు చూసి పిల్లల్ని వేరు చేయడం చెల్లదని, వేరుగా పెట్టినా సమానంగా ఉంటే చాలన్న 1896 నాటి పాత దారిని వదిలిపెట్టిన తీర్పు. దాని సైటేషన్ 347 యు.ఎస్. 483, మన ఎస్‌సిసి చదివినట్టే, 347వ సంపుటం, 483వ పేజీ. ఇవి అన్ని చోట్లా చెప్తారు.

నాకు బాగా పట్టింది ఈరీ రైల్‌రోడ్ కేసు, 1938. పెన్సిల్వేనియాలో రాత్రిపూట పట్టాల పక్కన నడిచిపోతున్న ఒకాయన్ని గూడ్సు బండి నుంచి బయటికి పొడుచుకొచ్చిన తలుపు లాంటిది కొట్టి చెయ్యి పోయింది. ఆ రాష్ట్ర చట్టం ప్రకారం పట్టాల పక్కన నడిచేవాడు అనుమతి లేకుండా దూరినవాడి కింద లెక్క, రైల్వేకి పెద్దగా బాధ్యత ఉండదు. అందుకని ఆయన న్యూయార్క్‌లో ఫెడరల్ కోర్టులో వేసినాడు, ఎందుకంటే 1842 నుంచి ఫెడరల్ కోర్టులు ఇట్లాంటి వాటిల్లో రాష్ట్రాల తీర్పుల్ని పక్కన పెట్టి సొంతంగా సాధారణ న్యాయసూత్రాలు వాడుకుంటా ఉన్నాయి. జ్యూరీ 30,000 డాలర్లు ఇచ్చింది. సుప్రీంకోర్టు దాన్ని తీసేసి, వేరు వేరు రాష్ట్రాల వాళ్ళ మధ్య వచ్చే మామూలు తగాదాకి ఫెడరల్ కోర్టు కూడా రాష్ట్ర చట్టమే వాడాల, రాష్ట్ర కోర్టుల తీర్పులు కూడా రాష్ట్ర చట్టమే అనింది. చెయ్యి పోయిన మనిషికి డబ్బు పోయిందే అని నాకు ఇప్పటికీ బాధగానే ఉండాది. కానీ కోర్టు భవనం ఫెడరల్‌ది అయినంత మాత్రాన చట్టం ఫెడరల్‌ది కాదు అనేది ఇంక జన్మలో మర్చిపోను.

క్రిమినల్ లా మొత్తం ఒక్క ఆదివారంలో లాగించేసినారు, అది చాలదు. ఆ రోజు కరెంటు కూడా పోయింది, గంటసేపు ఫ్యాను లేదు, మే నెల తిరుపతి ఎండ మీకు తెలుసు. ఒక సంవత్సరం మించి శిక్ష పడేదాన్ని సాధారణంగా ఫెలొనీ అంటారు, దానికన్నా చిన్నది మిస్‌డిమీనర్. క్రిమినల్‌లో సహేతుకమైన అనుమానం లేకుండా రుజువు కావాల, సివిల్‌లో ఎటువైపు మొగ్గు ఉంటే అటు. అమెరికా ఫుట్‌బాల్ ఆటగాడు ఓ.జె. సింప్సన్ 1995లో హత్య కేసులో బయటపడి 1997లో అవే చావుల మీద వేసిన సివిల్ కేసులో ఓడిపోయింది అందుకే. ఒకే పనికి రాష్ట్రం ఒకసారి, ఫెడరల్ ప్రభుత్వం ఒకసారి కేసు పెట్టొచ్చు, రెండూ వేరు వేరు ప్రభుత్వాలు కాబట్టి అని 2019లో కూడా సుప్రీంకోర్టు చెప్పింది. దీని మీద ఒక వారం పెట్టాల్సింది.

ఇంకో లోటు, వెతకడం ప్రాక్టీసు చేయించలేదు. కార్నెల్ యూనివర్సిటీ వాళ్ళ లీగల్ ఇన్ఫర్మేషన్ ఇన్‌స్టిట్యూట్ సైటు ఉచితం, యు.ఎస్. కోడూ రెగ్యులేషన్సూ అందులో దొరుకుతాయి అని చెప్పి వదిలేసినారు. కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి నాలుగు సమస్యలు ఇచ్చి వెతికించి ఉంటే ఎంత బాగుండేది. ఒక ఆదివారం పెళ్ళికి పోయి రాలేకపోతే రికార్డింగ్ ఇవ్వమన్నా ఇవ్వలేదు. బండి పెట్టుకోవడానికి కూడా తావు లేదు, రోడ్డు మీదే.

చివరి వారం మళ్ళీ చీటీలు, 20 సమస్యలు. న్యూజెర్సీలో అద్దె అడ్వాన్సు వచ్చింది అందులో. రాష్ట్ర చట్టం, 30 రోజుల్లో తిరిగి ఇవ్వాల, అన్యాయంగా పట్టుకుంటే కోర్టు రెట్టింపు ఇప్పిస్తాది, అదే కాలిఫోర్నియా అయితే 21 రోజులు. 20లో 18 రైటు చేసినా.

ఎవరు చేరొచ్చు అంటే, అమెరికాలో ఎల్‌ఎల్‌ఎం అనుకునే పిలకాయలు, ఇంటి నుంచి అక్కడి డాక్యుమెంట్లు చూసే పనిలో ఉన్నవాళ్ళు, ఫ్యామిలీ కేసులు చేసే మన తిరుపతి, చిత్తూరు, శ్రీకాళహస్తి జూనియర్లు తప్పకుండా. అక్కడి బార్ ఎగ్జామ్ (లాయర్ లైసెన్సు పరీక్ష) కోసం అయితే ఇది చాలదు. ఇంకోటి, ఈ క్లాసు అయినాక మనం అమెరికా లాయర్లం అయిపోము, అక్కడ సలహా ఇవ్వాలంటే ఆ రాష్ట్రం లైసెన్సు ఉండాల, సార్ కూడా ఇదే పదేపదే చెప్పినారు.

క్లాసు అయిన నెలకి ఆఫీసుకి ఒక పెద్దాయన వచ్చినాడు, పుత్తూరు వైపు నుంచి. కూతురు టెక్సస్‌లో, అదే కథ, విడాకుల కాగితాలు. నేను మొదట రాష్ట్రం అడిగినా, తర్వాత కాగితాలు చేతికి ఇచ్చింది ఏ రోజని అడిగినా. టెక్సస్‌లో కాగితాలు అందిన నాటి నుంచి 20 రోజులు దాటినాక వచ్చే సోమవారం పొద్దున 10 గంటల్లోపు కోర్టులో జవాబు దాఖలు చేయాల. మా సీనియర్ సార్ టేబుల్ మీద క్యాలెండర్ తీసి ఇద్దరం లెక్కపెట్టినాం, ఇంకా తొమ్మిది రోజులు ఉన్నాయి. పెద్దాయన అక్కడి నుంచే కూతురికి ఫోన్ చేసినాడు, ఆ అమ్మాయి మర్నాడే అక్కడ ఒక లాయర్ని పెట్టుకుంది.